మూడు పరీక్షలూ పాసైన మొక్కజొన్న

కోళ్ల దాణా కంపెనీ ఇచ్చే పరీక్ష కాగితం ఒకటి ఈ మధ్య చూశాను. ఒడిశా గజపతి జిల్లాలోని మా పర్లాకిమిడి నుంచి పాతపట్నం మీదుగా మొక్కజొన్న లారీలు పంపే వ్యాపారి ఒకాయన చూపించాడు. అందులో మూడు వరుసలు: అఫ్లాటాక్సిన్, ఫ్యుమోనిసిన్, జియరాలెనోన్. మూడూ గింజకు పట్టే బూజులు తయారుచేసే విషాలు. ఒక్కోదానికి ఎదురుగా సరుకులో దొరికిన అంకె, పక్కన కంపెనీ పెట్టుకున్న హద్దు. మొదటి రెండూ హద్దును దాదాపు తాకుతున్నాయి. మూడోది సగం దాటింది. అయినా మూడింటికీ ఒకే తీర్పు, హద్దులోపలే ఉంది అని. "మూడింట్లోనూ పాసయింది మాస్టారూ" అంటూ ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బళ్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. మూడు సబ్జెక్టుల్లోనూ బొటాబొటి మార్కులు తెచ్చుకున్న పిల్లవాణ్ణి పాస్ చేసి పంపిన సందర్భాలు చాలానే ఉన్నాయి. కానీ కాలేయానికి సబ్జెక్టులు విడివిడిగా ఉండవు. తిన్నదంతా ఒకే చోటికి, ఒకే పూట వస్తుంది. మరి హద్దులు విడివిడిగా ఎందుకు? అసలు ఈ విషాలు కలిసినప్పుడు మన జన్యువుల మీద ఏం చేస్తాయో ఎవరు చూస్తున్నారు, ఏ గింజల మీద చూస్తున్నారు? ఈ ప్రశ్నలు పట్టుకుని కొన్నాళ్లుగా దొరికినవన్నీ చదువుతున్నాను. ఒక అభిప్రాయానికి వచ్చాను కూడా. దానికి అడ్డం వచ్చే వాదనలు తక్కువేమీ కావు.

ఇంకో సంగతి చెప్పి ముందుకు పోతాను. ఆ మూడు పరీక్షలూ కోళ్ల కోసం. అదే కొండ మీద, అదే వానలో పండి, సంతలో శేరు లెక్కన అమ్ముడై మనుషుల ఇళ్లకు వెళ్లే మొక్కజొన్నకు ఒక్క పరీక్ష కూడా లేదు. కోడి చస్తే కంపెనీకి ఆ వారమే నష్టం తెలుస్తుంది. మనిషి సంగతి తేలడానికి ఇరవై ముప్పై ఏళ్లు పడుతుంది.

అప్పటి కుక్కలు

1974 చివర్లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన పల్లెల్లో కామెర్లు వ్యాపించి వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి బృందం వెళ్లి చూసింది. అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నే కారణమని తేల్చింది. కిలో గింజల్లో 6 నుంచి 15 మిల్లీగ్రాముల అఫ్లాటాక్సిన్ ఉంది. ఇవాళ మన దేశంలో ధాన్యానికి పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. అంటే వాళ్లు తిన్నది ఈ హద్దుకు నాలుగు వందల నుంచి వెయ్యి రెట్లు. మనుషులకంటే ముందు ఊళ్లో కుక్కలు ఇదే జబ్బుతో పోయాయని కూడా ఆ బృందం రాసింది.

1995లో మన దక్కను పల్లెల్లో మరో రకం జరిగింది. వానకు తడిసిన జొన్న, మొక్కజొన్న తిన్న ఇళ్లలోనే కడుపునొప్పి, విరేచనాలు వచ్చాయి. అప్పుడు దొరికిన విషం ఫ్యుమోనిసిన్. తినడం మానేయగానే జనం కోలుకున్నారు.

ఈ రెండు ఉదంతాల్లోనూ మోతాదు పెద్దది, విషం ఒకటి, ఫలితం వెంటనే కనిపించింది. అందుకే దొరికిపోయాయి. నన్ను వేధిస్తున్నది దీనికి పూర్తిగా తిరగబడ్డ పరిస్థితి. కొద్దికొద్దిగా, రెండు మూడు కలిసి, ప్రతి పూటా లోపలికి వెళ్లేది.

రెండు బూజులు ఒకే గింజలో ఎలా చేరతాయో మా జిల్లాలో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి కొండల మీద కుమ్మరించింది. కొండవాలు మొక్కజొన్న ఇంటికి చేరే రోజులవి. ఫ్యుజేరియం బూజు చేలో ఉండగానే, తడి కండెలోనే పట్టుకుంటుంది. ఫ్యుమోనిసిన్, జియరాలెనోన్ దాని సరుకే. తర్వాత ఆ గింజలు సరిగా ఆరకుండా గోనెసంచిలోకి పోతే, లోపలి వేడికి ఆస్పర్జిల్లస్ అనే మరో బూజు ఎదిగి అఫ్లాటాక్సిన్ చేరుస్తుంది. పొయ్యి పైన దూలానికి వేలాడదీసిన కండెలు పొగకు ఆరతాయి. మూలన సంచిలో పెట్టినవి ఆరవు. ఒక్క తుపాను చాలు, ఒకే పంటలో రెండు కాలాల బూజులూ వరసగా చేరడానికి. వండితే పోతుందనుకునేవాళ్లకు ఒక మాట: అంబలి కాచే వేడికి అఫ్లాటాక్సిన్ చాలావరకు చెక్కుచెదరదు.

నిర్దోషిగా బయటపడ్డ విషం

జన్యువుల మీద విషప్రభావాన్ని కొలవడానికి కొన్ని పాత, గట్టి పరీక్షలున్నాయి. 1970ల్లో బ్రూస్ ఏమ్స్ రూపొందించిన పరీక్షలో సాల్మొనెల్లా బాక్టీరియాను వాడతారు. బతకడానికి కావలసిన హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసుకోలేని రకాన్ని తీసుకుని, అనుమానం ఉన్న పదార్థాన్ని కలిపి, హిస్టిడిన్ దాదాపు లేని పళ్లెంలో పెంచుతారు. జన్యువులో మార్పు వచ్చినవి మాత్రమే బతికి చుక్కలుగా కనిపిస్తాయి. ఇందులో అఫ్లాటాక్సిన్‌ను ఊరికే వేస్తే పెద్దగా ఏమీ జరగదు. ఎలుక కాలేయం నుంచి తీసిన ఎంజైములు కలిపితే పళ్లెం నిండా చుక్కలే. ఎందుకంటే ఆ అణువును చురుకైన ఎపాక్సైడుగా మార్చేది కాలేయమే. వదిలించుకోబోయి దాన్నే ఆయుధంగా మార్చి చేతికిస్తుంది. ఆ ఎపాక్సైడు డీఎన్‌ఏలోని గువానిన్‌కు అతుక్కుంటుంది. కణుతులు రాకుండా కాపాడే టీపీ53 జన్యువులో 249వ చోట మార్పు తెస్తుంది. చైనాలోనూ దక్షిణాఫ్రికా ప్రాంతంలోనూ అఫ్లాటాక్సిన్ ఎక్కువగా తినే చోట్ల కాలేయ క్యాన్సరు రోగుల్లో ఇదే మార్పు మళ్లీ మళ్లీ కనిపిస్తోందని 1991లో బయటపడింది. మనుషుల్లో క్యాన్సరు కలిగిస్తుందని రుజువైన మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ దీన్ని అంతకుముందే పెట్టింది.

ఫ్యుమోనిసిన్‌ను ఇదే ఏమ్స్ పరీక్షకు పెడితే నిర్దోషిగా బయటికొస్తుంది. అది డీఎన్‌ఏ జోలికి నేరుగా పోదు. సెరమైడ్ సింథేజ్ అనే ఎంజైమును అడ్డుకుని కణపొరల్లోని కొవ్వుల తయారీని చెడగొడుతుంది. కణాలు చనిపోతాయి, ఆ ఖాళీ నింపడానికి మిగిలినవి గబగబా విభజన చెందుతాయి. అఫ్లాటాక్సిన్ దెబ్బతీసిన కణం ఒకటి అక్కడే ఉంటే? దాని డీఎన్‌ఏను బాగుచేసుకునే వ్యవధి లేకుండానే అది రెండవుతుంది, నాలుగవుతుంది. ఇది నా ఊహ కాదు. ముందు అఫ్లాటాక్సిన్, తర్వాత ఫ్యుమోనిసిన్ ఇచ్చిన ట్రౌట్ చేపల్లోనూ ఎలుకల్లోనూ కాలేయం మీద ప్రభావం పెరిగిందని ప్రయోగాలున్నాయి. 2016లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణుల ఉమ్మడి సంఘం ఈ జంటనే ప్రత్యేకంగా పరిశీలించింది. మనుషుల్లో రుజువు కొద్దిగానే ఉందనీ, అయినా ఆందోళన మాత్రం తీరలేదనీ తేల్చింది.

విడిగా నిలబెడితే ఏమ్స్ పరీక్ష వదిలేసే పదార్థం జంటలో తోడుదొంగ అవుతుందంటే, ఒక్కొక్కదాన్నే బోనెక్కించే పద్ధతిని ఎంతవరకు నమ్మాలి?

కలిపి పరీక్షించడంలోనూ తిరకాసుంది. మైక్రోన్యూక్లియస్ పరీక్షనే తీసుకోండి. కణం రెండుగా చీలేటప్పుడు విరిగిన క్రోమోజోము ముక్క కేంద్రకంలోకి చేరలేక బయట చిన్న గుండులా మిగిలిపోతుంది. ఆ గుండ్లను లెక్కపెడతారు. కానీ కణం చీలితేనే గుండు కనిపిస్తుంది. రెండో విషం ప్రొటీన్ల తయారీనే ఆపేసే డియాక్సినివాలెనాల్ అనే మరో బూజు విషం లాంటిది అయితే, విభజన మందగిస్తుంది, గుండ్ల లెక్క తగ్గుతుంది. పైపైన చూసేవాడికి రెండో విషం మొదటిదానికి విరుగుడుగా పనిచేసినట్టు ఉంటుంది. అందుకే విభజన ఎంత తగ్గిందో కూడా లెక్కగట్టి, సుమారు 55 శాతం దాటి తగ్గితే ఆ ఫలితాన్ని అనుమానంగా చూడమని అంతర్జాతీయ మార్గదర్శకంలో ఉంది. రెండు విషాలు కలిస్తే ప్రభావం తగ్గింది అనే వార్త కనబడితే నేను మొదట వెతికేది, ఆ కణాల్లో ఎన్ని విభజన చెందాయన్న అంకె కోసం.

మూడో కుప్ప

ఇదంతా ప్రయోగశాల సంగతి. నా అభిప్రాయం పుట్టింది మాత్రం మా ఊళ్లో ఒక వేరుశెనగ షెడ్డులో.

అక్కడ ఆడవాళ్లు వరసగా కూర్చుని చేటల్లో పప్పు చెరిగి ఏరతారు. ముందు మూడు కుప్పలు పడతాయి. నిండు పప్పు ఒకటి, బద్దలు రెండోది. మూడోది ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పుచ్చినవి. మూడో కుప్పలోంచి ఒక పప్పు తీసి బద్దలు విడదీశాను. పైకి కాస్త ముడతలే, మరకైనా లేదు. లోపల మొలక ఉండే చిన్న గుంటలో మాత్రం బూడిదాకుపచ్చ నూగు, వేలితో తాకితే పొడిలా అంటుకుంది. ఏరుతున్నావిడ నన్ను చూసి నవ్వి, "అవి మనవి కావు మాస్టారూ, అవతల పెట్టండి" అంది.

మనవి కాకపోతే ఎవరివి? షెడ్డు యజమాని దాచలేదు. సగం ధరకు పోతాయన్నాడు. చట్నీకి, బెల్లం ఉండలకు, దాణాకి, గానుగకు.

వేరుశెనగలో అఫ్లాటాక్సిన్ బస్తా అంతటా సమానంగా ఉండదు. ఏ కొన్ని గింజల్లోనో పోగుపడి ఉంటుంది. అందుకే ఏరివేత అంత బాగా పనిచేస్తుంది, ఎగుమతి సరుకు హద్దు లోపలికి వచ్చేది చాలావరకు దీనివల్లే. మొక్కజొన్నలోనూ ఇదే తీరు. విరిగిన గింజల్లో, జల్లెడ కింద పడే నలుసులో ఫ్యుమోనిసిన్ ఎక్కువ. ఏరినా జల్లించినా విషం ఎక్కడికీ పోదు, ఇల్లు మారుతుంది అంతే. పైగా ఏ బూజు పట్టిన గింజైనా చేరేది ఆ తీసివేత కుప్పలోకే. రెండు మూడు విషాలు ఒకే చోట కలవడం ఏదో యాదృచ్ఛికమన్నట్టు శాస్త్ర వ్యాసాలు రాస్తాయి. బజారులో అది రోజూ జరిగే పద్ధతి. మంచి సరుకును వేరుచేసే ప్రతి చేయీ అవతలివైపు ఒక మిశ్రమాన్ని తయారుచేస్తోంది. అదే చవక. చవకైనదాన్ని కొనేవాళ్లే దాన్ని తింటారు.

మోహన వైపు సంత దారిలో ఒక పిండిమర ఉంది. అక్కడ ఒక ముసలామె తెచ్చిన గింజలు మర గరాటులో పోస్తుంటే ముక్కిన వాసన గుప్పుమంది. కొన్ని గింజల నెత్తిన నల్లటి మచ్చ, కొన్నింటి మీద గులాబీ రంగు. నా చూపు గమనించి మర నడిపే అతను సర్ది చెప్పాడు, "పిండయితే ఏమీ తెలీదు లెండి." నిజమే, కిందనుంచి వెచ్చగా తెల్లటి పిండే వచ్చింది.

గానుగ నూనె గురించి ఒక పక్కమాట. శుద్ధి చేసే కర్మాగారంలో క్షారంతో కడిగేటప్పుడు నూనెలోని అఫ్లాటాక్సిన్ చాలావరకు పోతుంది. గానుగ నూనెకు ఆ కడుగుడు లేదు. మూడో కుప్పలో కొంత గానుగకే పోతోంది. ఆరోగ్యం పేరుతో రెట్టింపు ధర ఇచ్చి దాన్ని కొంటున్నారు. ఈ ఒక్క వరసలో మాత్రం డబ్బున్నవాళ్లు తమంతట తామే వచ్చి నిలబడ్డారు.

నేననేది ఇదీ: కలిసిన విషాల జన్యు పరీక్ష సీసాల్లో కొన్న శుద్ధమైన రసాయనాలతో మొదలు కాకూడదు, ఈ తీసివేత కుప్పలతో మొదలు కావాలి. గింజను నూరి, సారం తీసి, అందులో ఏ విషం ఎంతుందో కొలిచి, ఆ సారాన్ని ఉన్నదున్నట్టుగా కణాల మీద పెట్టి చూడాలి. మూడు సంచులు చాలు మొదట. వేరుశెనగ మూడో కుప్పది ఒకటి, మొక్కజొన్న జల్లెడ నలుసు ఒకటి, సంత పిండిమర కింద పడ్డ పిండి ఒకటి.

మా మేనల్లుడు ఒప్పుకోడు

వాడు హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పనిచేస్తాడు. పైన రాసినదాంట్లో సగం వాడిచేత ఫోనులో చెప్పించుకున్నదే. నా వాదన విని, "మావయ్యా, అఫ్లాటాక్సిన్ ఉందని తేలాక ఇంకా పరీక్ష దేనికి?" అన్నాడు. వాడి మాటలో బలం ఉంది. 2019లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ శాస్త్రీయ సంఘం మిశ్రమాల మీద ఒక ప్రకటన చేసింది. మిశ్రమంలో ఒక్క పదార్థమైనా జీవుల్లో జన్యువులను దెబ్బతీస్తుందని తెలిస్తే, మొత్తం మిశ్రమాన్నే అనుమానించాలనేది దాని సారాంశం. అలాంటి పదార్థానికి ఇంతవరకు ఫర్వాలేదు అనే గీత కూడా గీయలేం. మరి తీర్పు వచ్చేసిన కేసుకు మళ్లీ విచారణ ఎందుకు?

ఎందుకంటే ఆ తీర్పు ఔను, కాదు అని మాత్రమే చెబుతుంది. బజారు నడిచేది ఎంత అన్న అంకె మీద. ఆ 15 మైక్రోగ్రాముల అంకె అఫ్లాటాక్సిన్ ఒంటరిగా వస్తుందన్న లెక్కలో ఉంది. తోడు ఉన్నప్పుడు అదే అంకె ఎంతకు దిగాలో తెలియాలి. "పోనీ, ఒక్కోటీ హద్దులో ఎంత శాతం ఉందో కూడి చూపించండి" అంటే, ఒక్కో విషం ఒక్కో దారిన పనిచేస్తుంది కాబట్టి కూడడం శాస్త్రం ఒప్పదన్నాడు. సరే. కూడడం తప్పయితే విడివిడిగా పాస్ చేయడం ఎలా ఒప్పయింది? రెంటికీ రుజువు లేనప్పుడు పరీక్షే కదా దారి.

వాడి రెండో అభ్యంతరం లెక్కలది. పది విషాలు తీసుకుంటే జంటలే 45, మూడేసి చొప్పున 120. ఒక్కో జంటలో ఒక్కోదానికి మూడు మోతాదులు చూడాలంటే 405 ప్రయోగాలు. మోతాదు మారితే జంట స్వభావమూ మారుతుంది, ఒకచోట పెంచింది మరోచోట తగ్గిస్తుంది. ఎప్పటికి తేలుతుంది? ఇక్కడ వాడు నాకే బలం ఇచ్చాడు. సీసాల నుంచి మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. కుప్ప నుంచి మొదలుపెడితే ఏ జంట, ఏ నిష్పత్తి అన్నది కుప్పే చెబుతుంది.

వాడి మూడో అభ్యంతరం మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే హెప్‌జీ2 కాలేయ కణాల్లో అఫ్లాటాక్సిన్‌ను చురుకుగా మార్చే ఎంజైములు తక్కువ. అంటే అసలు దెబ్బ అక్కడ తగ్గి కనిపిస్తుంది. గింజ సారంలో పేరు తెలియనివి కూడా వంద ఉంటాయి, ఏ దెబ్బ ఎవరిదో విడదీయలేం. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎంజైములు సరిగా ఉన్న కణాలు వాడవచ్చు, ఖర్చు పెరుగుతుంది. ఎవరిదో విడదీయలేకపోవడం శాస్త్రవేత్తకు లోటే. తినేవాడికి మాత్రం ముందు తెలియాల్సింది మొత్తం దెబ్బ ఎంతన్నది.

ఈ పరీక్షలకయ్యే డబ్బుతో కొండ ఊళ్లకు గింజలు ఆరబెట్టే టార్పాలిన్ పట్టాలు, తేమ కొలిచే మీటర్లు ఇవ్వవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. ఇవ్వాలి, అదీ ముందే. కాలేయాన్ని దెబ్బతీసే వైరస్‌ను ఆపే హెపటైటిస్ బి టీకా సంగతీ అంతే. షాంఘైలో 18 వేలమంది మగవాళ్లను గమనించిన అధ్యయనంలో, అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నవారికి కాలేయ క్యాన్సరు ముప్పు 3 రెట్లు, వైరస్ ఒక్కటే ఉన్నవారికి 7 రెట్లు, రెండూ ఉన్నవారికి దాదాపు 60 రెట్లు. కలయిక అంటే ఏమిటో ఇంతకంటే సూటిగా చెప్పే అంకెలు నేను చూడలేదు. దేశమంతటా పిల్లలకు ఆ టీకా 2011 నుంచి అందుతోంది, అంతకుముందు పుట్టినవాళ్లు మాత్రం అలాగే ఉన్నారు. పట్టాలూ టీకాలూ అందరికీ ఒకేసారి చేరవు, ఎవరికి ముందన్న ప్రశ్న వస్తుంది. కుప్పల పరీక్ష దానికి జవాబిస్తుంది. సగటు సరుకు మీద చేసే పరీక్ష ఇవ్వదు, ఎందుకంటే సగటు మొక్కజొన్న ఎవరూ తినరు. ఒకరు ఏరినది తింటారు, ఇంకొకరు ఏరగా మిగిలింది తింటారు.

తేలిన తర్వాత

రేపు పరీక్ష చేసి కుప్ప చెడ్డదని తేలిందే అనుకుందాం. అమ్మకం ఆపేస్తే ఆ ముసలామె ఏం తినాలి? చవక సరుకు పోయి ఖరీదైనది మిగిలితే ఆమె సగం కడుపుతో ఉంటుంది. పోషణ తగ్గిన శరీరం విషాన్ని ఇంకా తక్కువగా తట్టుకుంటుంది. కాబట్టి తీసివేత సరుకును ప్రభుత్వమే కొని, బదులుగా మంచి గింజ, మా వైపు చోళ్లయినా (రాగులైనా) సరే, ఇవ్వాలి. ఒడిశా ప్రభుత్వం మిల్లెట్ మిషన్‌గా మొదలైన పథకం కింద చోళ్లు కొంటూనే ఉంది, కాబట్టి ఇది గాలిలో మేడ కాదు.

కొన్న చెడ్డ మొక్కజొన్నను ఏం చేస్తారన్నదే నాకు ఎటూ తెగడం లేదు. అందరూ చూపించే దారి ఇథనాల్ కర్మాగారం. పిండిపదార్థం ఇంధనం అవుతుంది, నిజమే. బూజు విషాలు ఆవిరై పోవు, అడుగున మిగిలే మడ్డిలోనే ఉంటాయి. గింజ బరువులో దాదాపు మూడో వంతే మడ్డిగా మిగులుతుంది కాబట్టి విషాల గాఢత సుమారు మూడు రెట్లవుతుంది, అన్ని విషాలదీ కలిసే. ఆ మడ్డిని ఎండబెట్టి డీడీజీఎస్ పేరుతో పశువుల దాణాలో, కోళ్ల దాణాలో కలుపుతున్నారు. ఆవు తిన్న అఫ్లాటాక్సిన్‌లో కొంత ఎం1 రూపంలో పాలలోకి వస్తుంది. పాలకు మన హద్దు కిలోకు అర మైక్రోగ్రాము, అదీ ఎం1 ఒక్కదానికే. మేనల్లుడికి పంపాలనుకుంటున్న సంచులు అందుకే నాలుగయ్యాయి, నాలుగోది ఈ మడ్డిది.